గాలి లెక్క

పోర్వెనీర్‌లో ఆఖరి వీధి, పచ్చరంగు రేకుల ఇల్లు.
దోన్యా సొరాయిదా మారుసిచ్
ముప్పై ఒక్క ఏళ్లు ఉన్ని గిడ్డంగిలో తూకాలు రాసిన మనిషి.
పాత బేళ్ల చిట్టా ఒకటి వెనక్కి తిప్పి
పెన్సిల్ నా చేతిలో పెట్టింది.
"నోటితో కాదు అబ్బాయ్, వేసి చూపించు."

వేశాను.
ఒక్కో కెమెరా సెకనుకి రెండు మెగాబిట్లు.
ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు.
రోజుకి ఎనభై ఆరువేల నాలుగువందల సెకన్లు
(ఇది ఆమే చెప్పింది, నేను గుణించేలోపు).
కెమెరాకి ఇరవై ఒకటిన్నర గిగాబైట్ల పైచిలుకు,
నాలుగింటికీ ఎనభై ఆరు.
రెండు టెరాబైట్ల డిస్కు కొంటే
ఇరవై మూడు రోజులు నిలవ.
ఆపైన కొత్త రోజు వచ్చి
అన్నిటికన్నా పాత రోజు మీద కూర్చుంటుంది.

"అద్దె కొంపన్నమాట" అంది.
"మరి ఇంటర్నెట్‌లోకి పంపేస్తే?"
మీ లైను పైకి మోసేది ఐదు మెగాబిట్లు,
మోయాల్సింది ఎనిమిది.
కుంచంలో తూము పట్టదు.
ఆమె ఇరవై మూడు కింద రెండు గీతలు గీసింది,
తూకం ముగిశాక గీసే గీతలు.

గేటుకొకటి, కోళ్లకొకటి, వంటింటి తలుపుకొకటి,
నాలుగోది పెరట్లో,
కట్టెల పేర్పుకీ బట్టల దండేనికీ కలిపి.

అక్టోబరులో ఫోను.
కట్టెల పేర్పు ముందువరస చెక్కుచెదరలేదు,
వెనకంతా డొల్ల.
కుక్క ఊరికే మొరిగిన రాత్రి గుర్తుంది ఆమెకి,
పదహారు రోజుల కిందట.

డిస్కు తెరిచాను.
పద్నాలుగు రోజులే ఉన్నాయి.
మిగతా తొమ్మిదీ ఎవడు తిన్నాడు?

దుప్పట్లు.
కదలని గోడంటే కెమెరాకి తేలిక,
ఇందాకటి గోడే అని ఓ ముక్క రాసుకుని ఊరుకుంటుంది.
ఎగిరే దుప్పటిని మాత్రం
ప్రతి మడతా మొదటినుంచీ రాయాలి.
జలసంధి దాటి వచ్చిన పడమటి గాలి
పగలూ రాత్రీ దండెం మీద,
గేటు దగ్గర గడ్డి మీద, కోళ్ల ఈకల మీద
తన వేలిముద్రలు వేస్తూ పోయింది.
రెండు వారాల నిండా అదే.
కట్టెలు మోసుకెళ్లిన మనిషి మీద
ఎన్ని దుప్పట్లు ఆరాయో.

ఆమె చిట్టా తెచ్చింది.
ఇరవై మూడు కొట్టేసి పద్నాలుగు వేసి
పక్కన ఒక గడి చూపించింది.
"ఉన్నిలో తేమ ఉంటుందని
బేలు బేలుకీ తరుగు తీసేదాన్ని.
ఈ ఊళ్లో పుట్టి
నువ్వు గాలికి తరుగు తీయలేదు."

నా చెవులు కాలాయి.
దొంగ దొరకలేదు కదా, క్షమించమన్నాను.
"దొంగెవడో తెలుసులే.
ఎదురింటి పొగగొట్టం చూడు.
మొన్నటిదాకా పచ్చికట్టె పొగ, నల్లగా, దగ్గుతూ.
ఇప్పుడు చూడు ఎంత తెల్లగా వస్తోందో!
మూడేళ్లు ఆరబెట్టిన లెంగా అది."
మరి నన్నెందుకు పిలిచారు?
"చిట్టాలో తప్పుంటే నాకు నిద్ర పట్టదు."

దండెం జరపనంది.
ఇంకో రెండు టెరాబైట్లు బిగించాను, సగం ఖర్చు నాది.
నిచ్చెన దిగుతుంటే
ఎదురింటి పొగ వంగి పెరట్లోకి వచ్చింది,
దుప్పట్ల మధ్యనుంచి, మా ఇద్దరి మధ్యనుంచి.
అదీ ఎక్కుతోంది నాలుగో కెమెరాలో,
ప్రతి సుడీ మొదటినుంచీ.