కళ్ళెం

గుర్రం వయసు తెలియాలంటే గుర్రాన్నే అడుగుతాను.
పెదవి ఎత్తితే చాలు,
ముందరి పళ్ళ అరుగుదల అబద్ధమాడదు.
ముప్ఫై ఏళ్ళుగా అమ్మేవాడి మాట వినకుండా
నోళ్ళే చదువుతున్నాను.

ఉలాన్‌బాతర్ నుంచి శీతాకాలం సెలవులకి
పొద్దుగూకే వేళ జీపు దిగి
ఉయంగా నవ్వింది.
పంటి పంటికో ఇనప గింజ,
గింజల్ని కలుపుతూ సన్నటి తీగ.
"ఎవరమ్మా నీకు కళ్ళెం వేసింది?" అన్నాను.
"పదిహేను గొర్రెలమ్మి, నువ్వే" అంది.
నోటికి పడ్డ కళ్ళెం మాటకి పడలేదు.

ఆ రాత్రి పొయ్యి పక్కన సంచీ విప్పింది.
మూతి వంగిన బ్రష్షు ఒకటి,
చీమ మీసం దువ్వేంత బుల్లిది మరొకటి,
డబ్బీలో మైనం, చిన్న అద్దం,
డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం.
తీగ పైన ఒకసారి, తీగ కింద ఒకసారి,
చిగుళ్ళూ పళ్ళూ కలిసేచోట ఏటవాలుగా.
తిన్న ప్రతిసారీ.
"ప్రతిసారీనా?"
"ప్రతిసారీ నాన్నా."

నీళ్ళంటే మాకు
నదిని గొడ్డలితో కొట్టి మోసుకొచ్చే మంచుగడ్డలు.
కెటిల్లో కరగాలి, గోరువెచ్చనవ్వాలి.
ఒక పిల్ల పళ్ళకి రోజుకి నాలుగు గ్లాసులు!
లెక్కపెట్టాను, దాచడమెందుకు.
మూడోనాడు మానేశాను.
గుడారం వెనక ఆమె ఉమ్మిన నురగ
నేల తాకీ తాకగానే గడ్డకట్టి
తెల్లబొత్తాంలా మిగిలేది.
కుక్క వాసన చూసి, తుమ్మి, వెళ్ళిపోయేది.

అసలు తంటా తిండి దగ్గర.
మా ఆవిడ ఎండబెట్టిన ఆరూల్
పేరుకి పెరుగుముక్కలే గానీ గులకరాళ్ళకి తమ్ముళ్ళు.
ఒక్కటి బుగ్గన పెడితే
మంద వెనక సగం రోజు గడుస్తుంది.
ఉయంగాకి అది వద్దు. ఎముక కొరకడం వద్దు.
నూనెలో వేయించిన బొర్‌త్సోగ్ కూడా
పాలటీలో నానితేనే లోపలికి.
"పళ్ళుండీ ముసల్దానిలా తింటోంది"
అన్నాడు పక్క గుడారం దవాసురెన్.
అతనికి ఉన్నవి మొత్తం తొమ్మిది.
"మిగతావి ఎక్కడ పారేసుకున్నావు బాబాయ్?" అంది పిల్ల.
అందరూ పగలబడ్డారు.
నేను మాత్రం పెదవులు మూసుకుని నవ్వాను.

పదకొండో రాత్రి
తీగ కొస వెనకనుంచి జారి బుగ్గని పొడిచింది.
డాక్టరమ్మ ఆరువందల కిలోమీటర్ల అవతల.
గుట్ట ఎక్కితే గానీ ఫోను పలకదు, బయట మంచుతుపాను.
పిల్ల ఏడవలేదు. దిండు మీద నెత్తుటి చుక్క.
నా చెయ్యి తిన్నగా పట్టకారు వైపు వెళ్ళింది.
గుర్రాల నోళ్ళలోంచి ఎన్ని పీకలేదు!
"వద్దు. టార్చి పట్టు చాలు."
పెన్సిలు వెనక రబ్బరుతో
తీగని మెల్లగా పంటికి ఆనించి వంచింది.
మైనం చలికి రాయైపోయింది,
డబ్బీతో సహా చంకలో పెట్టుకుని మెత్తబరిచాను.
బఠాణీ అంత ముద్ద చేసి కొస మీద అద్దుకుంది.
నేను చేసిన వైద్యం అంతే, చంకా టార్చీ.

కానీ ఆ వెలుగులో చూశాను.
ఎండాకాలంలో, దొడ్డి గుమ్మంలో ఇరుక్కున్న గొర్రెల్లా
ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్న పళ్ళు
వరసలోకి వస్తున్నాయి.
కర్ర లేదు, కేక లేదు.
వెంట్రుకకి అక్కలాంటి తీగ, రోజూ, కొంచెం.
కళ్ళెమంటే గుంజడమే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

తెల్లారి ఒక కొత్త బ్రష్షు నా చేతిలో పెట్టింది.
నలభై తొమ్మిదేళ్ళ నోరు.
ఉమ్మితే మంచు ఎర్రబడింది.
"రెండు వారాల్లో ఆగిపోతుంది,
ఆగకపోతే నువ్వూ జీపెక్కాలి" అంది,
కాగితం చూడకుండానే.
పదమూడో రోజుకి ఆగింది.

ఆమె బడికి వెళ్ళిపోయింది. ఇంకా పంతొమ్మిది నెలలట.
ఆ పూట మా ఆవిడ ఆరూల్ ముక్క ఒకటి ఎంచి
తీగ విప్పే రోజుకని
పైకప్పు వాసానికి దారంతో కట్టింది.
పొగ తగిలి అది రోజురోజుకీ గట్టిపడుతోంది.
దవాసురెన్ వచ్చినప్పుడల్లా వేలితో తట్టి
"ఇది పళ్ళకా, సుత్తికా?" అంటాడు.
నేను టీ ముగించి
కెటిలందుకుని గుడారం వెనక్కి నడుస్తాను.
కుక్క వెంట వస్తుంది, తుమ్మడానికి.