మూర లెక్క

తెల్లారగట్ల మూడున్నరకు
చేవెళ్ల దిక్కు నుంచి దిగుతయి మొగ్గలు
తడి బస్తాలల్ల, ముడుచుకొని, పలుకు లేకుండ.
గుడిమల్కాపూర్ షెడ్డు కింద
బిచ్చపతి సేటు దోసిళ్లతోని నా ముందర పోస్తడు.
అరటినార నానవెట్టుకొని కూసుంట.

రెండు ఇటు, రెండు అటు, ఒక ముడి.
మోచేతి నుంచి నడిమేలు కొస దాక ఒక మూర.
"నీ మూర పొట్టిదమ్మా" అని
కయ్యానికి వచ్చేటోళ్లకు చెయ్యి చాపి చూపిస్త.
అమ్మ కన్న చెయ్యి, సాగదు.

పోయిన ఎండకాలం సంది
కొన్ని మూరలు లండన్ పోతున్నయి.
అక్కడ జరీనా అనే ఆమెకు దుకాణమున్నదట,
యాకుత్‌పురాల పుట్టిందట.
మొఖం ఎరుగ, గొంతే ఎరుక.
థర్మాకోల్ డబ్బల మంచుగడ్డ, దాని మీద పేపరు,
పేపరు మీద పూలు, పూల మీద మళ్ల పేపరు.

డబ్బ కొంచవోయే రియాజ్‌ను అడిగిన, ఎంత దూరమని.
"ఏడువేల ఏడొందల కిలోమీటర్లక్కా,
ఎక్కినంక పది గంటల్ల దిగుతది."
కిలోమీటరు నా చేతికి పట్టువడలే.
మూరలల్ల చెప్పమన్న.
నవ్విండు. టేపు తెచ్చి నా చెయ్యి కొలిచిండు:
పదిహేడున్నర ఇంచులు.
ఫోన్ల లెక్క కొట్టిండు:
కోటీ డెబ్బైమూడు లక్షల మూరలు.
దినాం రెండొందలు కడితె
రెండొందల ముప్పై ఏడేండ్లకు అందుతనట.
"అప్పటిదాక వాడిపోవా?" అంటె
పోరడు లెక్క మాపేసిండు.

ఒకనాడు అత్తాపూర్‌ల, నూట ఇరవయ్యో పిల్లర్ కాడ,
వాననీళ్లల్ల బస్సు గంటన్నర నిలవడ్డది.
చీలమండ దాక బురద, చేతిల తెగిన చెప్పు.
ఆ యాళ్లకు నా పూలు సముద్రం మీద.
కండక్టరుకు చెప్పుదామనుకున్న,
టికెట్ తీసుకో అన్నడు.

మొన్న సాయంత్రం సేటు ఫోను, గాబర గాబర.
జరీనా మెసేజ్ పెట్టిందట:
డబ్బ ఇప్పేసరికి మొగ్గలన్ని విచ్చుకున్నయట,
అక్కడ ఇంక పగటి రెండు గంటలే,
గిరాకి వచ్చేది చీకటివడ్డంక.
"మంచు తక్కువ పెట్టినవా?" అన్నడు.
లేదన్న. నిండుగనే పెట్టిన.

ఫోను పెట్టి గోడ గడియారం చూసిన. ఆరున్నర.
పొద్దుగాల మిగిలిన గుప్పెడు మొగ్గలు
స్టీలు గిన్నెల ఏసి కిటికీల పెట్టుకుంటి.
ఒక్కొక్కటే ఇప్పుతున్నది రెక్క.
వాసన వంటింట్లకొచ్చి
పోపు వాసనతోని కలిసింది.
అవి, ఇవి, ఒక్క తోటయి.
ఒకే రాత్రి తెంపినయి.
విమానం ఎక్కినోళ్లు చేతిగడియారం తిప్పుకుంటరట.
మొగ్గకు ఎవరు తిప్పాలె?
చేవెళ్లల పొద్దు గుంకితె
దానికి పొద్దు గుంకినట్టే.

రేపటి సంది ఇంకో మంచుగడ్డ అన్నడు సేటు.
సరె అన్న.

తెల్లారి కూసొని కట్టిన.
జరీనా డబ్బలకు పోయే దండకు
మూర కొలిచినంక, నార తెంపకుండ,
ఇంకో జానెడు కట్టిన.
సేటు చూసిండు.
"అదెందుకు?"
కొసరు అన్న.