నేల విడిచి సాము

హెబ్బాళ ఫ్లైఓవరు దిగేసరికి ఐదున్నర.
వెనక సీటుకి టూల్ బ్యాగు కట్టి ఉంది,
దాని మీద జర్కిను, జర్కినులో లాగ్ బుక్కు.
పదిహేడు గంటల నలభై నిమిషాలు.
నా పేరున ఇప్పటికి ఆకాశం అంతే ఉంది.

పగలు నేను లిఫ్టులు బాగుచేస్తాను.
జయనగరంలో పద్నాలుగు, బన్నేరుఘట్ట రోడ్డులో తొమ్మిది,
ఒక ఆసుపత్రిది మాత్రం నెలకి రెండుసార్లు మొండికేస్తుంది.
షాఫ్టులో, చీకట్లో, ఇనుప తాడు మీద చెయ్యేసి
దాని వణుకు వింటుంటాను.
లిఫ్టుకి పట్టాలుంటాయి.
పక్కకి పోదామనుకున్నా పోలేదు.
విమానానికి అవి లేవని
మొదటి రోజే నా కడుపుకి తెలిసింది.

జక్కూరులో ఈవేళ మంచు.
రన్‌వే ఆ చివర గాలిసంచీ కనపడటం లేదు,
ఈ చివర పడుకున్న కుక్క మాత్రం కనపడుతోంది.
కెప్టెన్ బోపయ్య గారు టీ గ్లాసు ఊదుకుంటూ
"చదువుకో" అన్నారు.
వాతావరణం పుస్తకం తీశాను.
కిలోమీటరు దూరం కూడా చూపు ఆనకపోతే
దాన్ని పొగమంచు అనాలట.
తలెత్తి చూశాను. మళ్ళీ పుస్తకంలోకి చూశాను.
ప్రశ్న వచ్చి కిటికీ బయటే కూర్చుంది,
నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోమనకుండా.

పరీక్షల లెక్క గ్యాస్ ఏజెన్సీ క్యాలెండరు మీద వేశాను.
నియమాలు, వాతావరణం, దారి లెక్కలు
మూడూ కలిపి ఒకటే పేపరు.
ఇంజనుది వేరే. రేడియోది వేరే.
నూటికి డెబ్బై రావాలి.
హైమ ఆ తేదీల పక్కనే పాల లెక్క రాసింది,
ఒకచోట రెండూ కలిసిపోయి
మార్చి పద్దెనిమిదిన నేను నాలుగు లీటర్లు రాయాలి.

ఇంజనంటే భయం లేదు, వాటితో నాది పాత స్నేహం.
నియమాలు బట్టీ పట్టొచ్చు:
ఎదురెదురుగా వస్తే ఇద్దరూ కుడికి తిరగాలి.
ఈ ఒక్క రూలు లేక మా వీధిలో
మాటలు మానేసిన అన్నదమ్ములున్నారు.
ప్రాణం తీసేది గాలి త్రిభుజం.
ముక్కు ఒకవైపు పెడతావు, గాలి ఇంకోవైపు తోస్తుంది,
చేరేది మూడో చోటు.
పదో తరగతిలో నేను వదిలించుకున్న లెక్కల మాస్టారు
ముప్పై తొమ్మిదో ఏట మళ్ళీ బెత్తం పట్టుకుని నిలబడ్డాడు.
జక్కూరు నుంచి కోలారుకి మూడుసార్లు వేస్తే
మూడు ఊళ్ళు తేలాయి.
అందులో ఒకటి ముళబాగిలు, అమ్మ ఉండేది.

ఫోనులో చెప్పినప్పుడు అమ్మ
"నేల విడిచి సామేంట్రా నీకు" అంది.
తిట్టిందో, నిజంగానే అడిగిందో.
ఎత్తు చూపే ముల్లు సరిచేసిన ప్రతిసారీ
ఆ మాట గుర్తొస్తుంది.
చక్రాలు నేల మీద ఉండగానే అది మూడు వేల అడుగులంటుంది,
ఈ ఊరు నిలబడ్డదే అంత ఎత్తున.
నేను విడవాల్సిన నేల ఎక్కడుందో
ముందు దాన్ని తేల్చమను.

ఎనిమిదీ పదికి మంచు విడిచింది.
పైకి వెళ్ళాక బోపయ్య గారు తన టోపీ తీసి
ముళ్ళన్నిటి మీదా కప్పేశారు.
"గడియారాలు చూసి కాదు. బయట చూడు."
బయట యలహంక చెరువు, కొబ్బరి చెట్ల నీడలు,
మా కంటే ఏ తొందరా లేని ఒక గద్ద.
టోపీ కింద ఏం జరుగుతోందో తెలియదు గానీ
సీటులోంచి వెన్నులోకి ఒక వణుకు ఎక్కింది.
ఆ భాష నాకు వచ్చు.
ఇనుప తాళ్ళ దగ్గర నేర్చుకున్నదే.

దిగేటప్పుడు మాత్రం రెండు గెంతులు గెంతి
మూడోసారి కూర్చుంది.
ఆయనేమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ.
ముప్పై ఐదు నిమిషాలు రాసుకున్నాను,
పద్దెనిమిది గంటల పావు.

బండి తీస్తుంటే ఆసుపత్రి నుంచి ఫోను.
నాలుగో అంతస్తుకీ ఐదుకీ మధ్య ఆగిందట,
లోపల ఇద్దరు నర్సులు, చక్రాల కుర్చీలో ఒక పెద్దాయన.
మోటారు గదిలోంచి చేత్తో బ్రేకు వదులుతూ
అంగుళం అంగుళం దింపాను,
ఈసారి ఒక్క గెంతైనా లేకుండా.
కిందికొచ్చి తలుపు తెరిచి కుర్చీ పట్టుకుని
పెద్దాయనతో అన్నాను,
"జాగ్రత్తండీ, నేల ఇంకా రెండంగుళాలు కిందుంది."