రేకుబిళ్ళ

బానెట్ ఎత్తి
డెరెక్ ఆనియన్స్ ముక్కు ఎగబీల్చాడు.
"ఇది దీనిది కాదు తల్లీ."

కిడ్డర్‌మిన్‌స్టర్‌లో ఆదివారం. సన్నజల్లు.
ఇంటి ముందు నీళ్ళు కలిసిన పెసర రంగులో
యాభై ఏడు నాటి మోరిస్ మైనర్.
నేను మందుల షాపు మనిషిని.
బ్యాచ్ నంబర్లు, గడువు తేదీలు, చీమతలంత అక్షరాలు
ఇరవై ఏళ్ళుగా నా కళ్ళకు అవే తిండి.
అయినా మూడేళ్ళు నడిపి కనిపెట్టలేకపోయాను,
నా కారు వేరే కారు ముక్కుతో ఊపిరి పీలుస్తోందని.

అతను వేలితో చూపించాడు:
ఫ్లోట్ గిన్నె అడుగునుంచి జెట్‌కు వెళ్ళే నైలాన్ గొట్టం,
సెలైన్ పైపంత సన్నం.
"నీ బండి పుట్టేనాటికి ఈ గొట్టం దీనికి రాసిపెట్టి లేదు.
అసలుదానికైతే గిన్నె నేరుగా ఒంటికే బోల్టుతో అతుక్కుంటుంది.
అడుగున కార్కు బిళ్ళలు. కాస్త కారుతుంది కూడా.
కారలేదంటేనే అనుమానించాలి."

పై మూత స్క్రూ కింద
నంబరు కొట్టిన రేకుబిళ్ళ ఉండాలట.
లేదు.
బిళ్ళ లేకపోతే ఇంటిపేరు లేనట్టే,
ఇక పుట్టుమచ్చలు వెతుక్కోవాలి.

నా పదో తరగతి సర్టిఫికెట్ గుర్తొచ్చింది.
ఎడమ మోచేతి మీద మచ్చ ఒకటి. రెండోది దొరక్క
హెడ్మాస్టరు గారు నా గడ్డం కింద సిరా చుక్కను చూసి
అదే రాసేశారు.
కాగితం ప్రకారం ఆ మచ్చ
ఇవాళ్టికీ నాకుంది.

బిళ్ళ దొరికింది.
చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు
నా తాళాలగుత్తికే వేలాడుతోంది.
కుక్క మెడలోది అనుకున్నాను ఇన్నాళ్ళూ.
ఈ కారు పాత యజమాని మిస్ పార్జెటర్,
ఊళ్ళు తిరిగి పురుళ్ళు పోసిన నర్సు,
జన్మలో కుక్కను పెంచలేదట.

నంబరు పుస్తకంలో సరిపోయింది.
"తగిలించెయ్" అన్నాడు డెరెక్.
"పోటీల్లో సగం మంది జడ్జీలు
బిళ్ళ చదివి పక్క కారుకు పోతారు."
'ఇంటిపేరు కస్తూరివారు' అని గొణిగాను.
"ఏమన్నావ్?"
మిగతా సగం చెప్పలేదు.
ఆ గబ్బిలాల వాసనను
ఇంగ్లీషులోకి మోసుకెళ్ళే ఓపిక లేదు.

గ్లవ్ బాక్సులో ఆవిడ డైరీ. అరవై మూడు, మంచు చలికాలం.
'ఫిబ్రవరి 9. క్లీ కొండ ఎక్కుతుంటే కార్బురేటర్ పగిలింది.
గరాజు కుర్రాడు, గోడకు గుద్దుకున్న కొత్త వ్యానుది పీకి పెట్టాడు,
లాంతరు వాళ్ళమ్మ పట్టుకుంది.
పాతదాని బిళ్ళ మాత్రం అడిగి తీసుకున్నాను.
తెల్లవారుజామున 4.10. ఆడపిల్ల. కాళ్ళు ముందు వచ్చాయి.
ఇద్దరూ క్షేమం.'
కింద ఇంకో సిరాతో:
'కుర్రాడికి ఇంకా ఏడు షిల్లింగులు ఇవ్వాలి.'

రెండు వారాలకు డెరెక్ అసలు రకాన్నే పట్టుకొచ్చాడు,
ఎవరిదో కోళ్ళ షెడ్డులోంచి. గిన్నెలో ఒక ఈక.
వంటింటి బల్ల మీద పాత పేపరు పరిచి
రాత్రంతా కిరోసిన్‌తో తోమాను. అందంగా ఉంది.
అన్ని గుర్తులూ ఉన్నాయి. పుస్తకంలో బొమ్మలా ఉంది.
పేపరు మీద పెట్రోలు చుక్క ఒకటి కూడా కార్చింది,
మర్యాదగా.

దాన్ని గుడ్డలో చుట్టి అలమారాలో పెట్టాను.
ఎందుకని డెరెక్ అడిగితే
ఏదో చెప్పాను, నాకే నచ్చలేదు.

పోటీ ఫారంలో
'కార్బురేటర్ అసలుదేనా?' పక్కన రెండు గళ్ళు.
'కాదు' దగ్గర టిక్కు పెట్టాను.
చోటు చాలక అంచు మీద సన్నగా రాశాను:
తెల్లవారుజామున 4.10.

తర్వాత వాకిట్లోకెళ్ళి
ఇత్తడి మూత విప్పి చెంచాడు నూనె పోశాను.
డెరెక్ నేర్పినట్టు
వేలితో పిస్టన్‌ను పైకెత్తి
వదిలేశాను.
నెమ్మదిగా దిగి
టక్‌మంది.