గీతల్లేని ముద్ర

వారోత్సవాలకు బోర్డు కావాలన్నారు సారు.
"మన స్టేషన్ చరిత్ర, ఒక్క పేజీ. పేర్లుండాలప్పా, పేర్లు."
రిటైర్మెంటుకు నాలుగు నెలలున్న డ్రైవర్ని,
చదివే అలవాటుందని నాకు తగిలించినారు.

కర్నూలు మున్సిపాలిటీ అటక మీద
చెదలు సగం తిని, విసుగొచ్చి వదిలేసిన పద్దు పుస్తకం.
విప్పితే గడ్డి వాసన.
నిజంగానే గడ్డి లెక్క అది:
మైల ఎద్దుకు సొప్ప మూడు మోపులు,
కొమ్మువంకరకు ఉలవలు రెండు సేర్లు,
నీళ్ళ పీపాకు కొత్త బిరడా, ఇరుసుకు ఆముదం,
తోలు తిత్తులు నాలుగు, కుట్టుకూలి ఆరణాలు.
ఎద్దులకు పేర్లున్నాయి.
తిత్తి మోసినోళ్ళకు అంకెలున్నాయి.
ఒకటో తిత్తి, రెండో తిత్తి, మూడో తిత్తి, నాలుగు.

ఇటు హంద్రీ, అటు తుంగభద్ర,
మీకు నీళ్ళకేం కొదవ అంటారు బయటోళ్ళు.
ఎండాకాలం వచ్చి చూడండి.
నది ఇసుకలోకి దిగి దాక్కుంటుంది.
దాన్ని వెతుక్కుంటూ పోయి, తిత్తి ముంచి,
కారే వీపుతో గట్టెక్కేసరికి
కాలేది కాలిపోయి ఉంటుంది.

అందుకే అప్పటి మనోళ్ళు నమ్ముకున్నది
పొడుగాటి వెదురుకు బిగించిన ఇనుప కొక్కేన్ని.
మంటకంటే ముందు ఉరికి
ఇంకా అంటుకోని కొట్టాల కప్పు పీకేయడం.
కాలిన ఇంటోళ్ళు ఏడ్చినారు,
కాలని ఇంటోళ్ళు తిట్టినారు.

ఒక అర్జీ ఉంది, పుస్తకానికే కుట్టి:
"మాదమ్మ విన్నపము. నా కొట్టము కాలలేదు.
సర్కారు మనుషులు పీకినారు. బోదకు, వాసాలకు
పదకొండు రూపాయలు ఇప్పించవలెను."
కింద ఎర్రసిరా: చూడడమైనది.
అంతే.
చూసినారు.

ఆ రాత్రి లెక్కలో
కాలినవి పందొమ్మిది, పీకినవి ఏడు.
నిలబడిన కొట్టాలెన్నో ఎవరూ రాయలేదు.
మిగిలినదానికి లెక్క ఉండదు మా పనిలో.

తర్వాత మద్రాసు నుంచి ఎర్ర బండి వచ్చింది.
చక్రాల కింద నిమ్మకాయలు, ముందు టెంకాయ,
ఊరంతా రోడ్డు మీదే.
మర్నాడే ఎద్దుల వేలం, జతకు ఎనభై రెండు.
నెల తిరక్కుండా కొన్న ఆసామి
కల్లూరు ఉరుకుందప్ప తోలుకొని వచ్చేసినాడు:
"ఏం ఎద్దయ్యా ఇది! బడి గంట కొడితే
సాలు మధ్యలోంచి మడకతో సహా ఉరుకుతాది,
యాడ కాలుతాందో సూసొస్తానన్నట్టు!"
వాపసు తీసుకోలేదు మనోళ్ళు.
గుమాస్తా మాత్రం అంచున రాసుకున్నాడు: "మైలది."
ఆ మాట రాయమని అతనికి ఏ ఉత్తర్వూ లేదు.
ఎవరో తెలియదు గానీ, అక్కడ నాకు నచ్చినాడు.

తిత్తులోళ్ళు ఎటు పోయినారో లేదు.
తోలు తిత్తులు నాలుగు, పనికిరానివి, పారవేయడమైనది.

చివర్లో జీతాల పేజీ.
నాలుగు గడులు, నాలుగు బొటనవేళ్ళు.
మూడు బాగా పడినాయి, దున్నిన చేలు పైనుంచి చూసినట్టు.
మూడో తిత్తి గడిలో మాత్రం
ఉత్త నలుపు. ఒక్క గీత లేదు.
"ముద్ర సరిగా పడలేదు, మరల వేయించవలెను."
మరల వేసినాడు. మరల నలుపే.
మరల.
నాలుగోసారికి గుమాస్తాకు అర్థమైనట్టుంది,
ఏమీ రాయకుండా
తొమ్మిది రూపాయలూ ఇచ్చేసినాడు.

నా బొటనవేలు వెలుతురుకు పెట్టి చూసుకున్నా.
ముప్పై రెండేళ్ళు స్టీరింగు పట్టిన వేలు,
వెనక ట్యాంకు నిండా నీళ్ళు పెట్టుకొని.
గీతలన్నీ ఉన్నాయి.

బోర్డు రాసినా.
పేర్ల దగ్గర: మైల, కొమ్మువంకర.
దాని కింద ఆ గడిని జిరాక్స్ తీయించి అతికించినా.
"ఏందప్పా ఈ మరక?" అన్నారు సారు,
వేలితో గోకబోతూ.

చెబుదామని నోరు తెరిచినా. గంట మోగింది.
నందికొట్కూరు రోడ్డులో సొప్పవామి.
ఆ మాట నాకు వినబడేసరికి
నేను బండిలో ఉన్నా.