తొమ్మిదేళ్ళ బెరడు

తాతని పూడ్చిన మర్నాడు
నేను పనికి వెళ్ళాను, బెరడు తోటకి.
అలెంతేజు ఎండ అప్పటికే గొడ్డలి నూరుకుంటోంది.
చెట్ల మొండేల మీద తెల్లరంగు అంకెలు,
ఏ ఏడు ఒలిచారో ఆ ఏటి చివరి అంకె.
మళ్ళీ ఒలవాలంటే తొమ్మిదేళ్ళు ఆగాలి.
చెట్టుకి కూడా కోపం చల్లారాలి కదే, అనేవాడు.

మా తాత పేరు బెలార్మీను.
ఊళ్ళో ఎవరూ ఆ పేరుతో పిలవగా వినలేదు.
టోపీ అనేవాళ్ళు.
దొర గుర్రబ్బండి మలుపు తిరగ్గానే
అరవై మంది కూలీల టోపీలు ఒక్కసారే దిగేవట,
గాలికి గోధుమచేను ఒరిగినట్టు.
ఒక్క కంకి మాత్రం నిటారుగా.
"నెత్తిన పిట్ట గూడు కట్టింది దొరా,
గుడ్లున్నాయి, కదిలించకూడదు."
ఆ వేసవంతా పని లేదు.
పిట్టలు ఎగిరిపోయాయా అని మేస్త్రీ కబురంపితే
ఇంకా రెక్కలు రాలేదని తిరుగు కబురు.

ఇది తాత చెప్పిన కథ.
అవ్వ చెప్పే కథలో పిట్టలుండవు.
ఆ వేసవిలో ఆమె మంది బట్టలుతికింది,
ఎండు రొట్టె వేడినీళ్ళలో నానేసి
ఇంత వెల్లుల్లి నూరి కలిపి
అదే కూర అని నలుగురు పిల్లల్ని నమ్మించింది.
"స్వేచ్ఛ మీ తాతది, బాకీ నాది"
అనేది దియొలిందవ్వ,
సూదిలో దారం ఎక్కిస్తూ, తల ఎత్తకుండా.

చలికాలం రాత్రుళ్ళు
కాఫీ గింజల బస్తా వీపున వేసుకుని
ఏరు దాటి స్పెయిన్‌లోకి నడిచేవాడు.
నా వీపుకి ఏ దేశమో ఎవరూ చెప్పలేదే, అనేవాడు.
ఒకసారి డబ్బుకి బదులు
ఇత్తడి దుర్భిణీ పట్టుకొచ్చాడు.
అవ్వ మూడు వారాలు మాట్లాడలేదు.
వీధి పిల్లలందరికీ చందమామని చూపించాడు,
మనిషికో అత్తిపండు రుసుం.
"బాగా చూడండ్రా,
కంచె ఎక్కడైనా కనిపిస్తోందా?"
మా అమ్మకి కనిపించిందట.
పండు తిరిగిచ్చేశాడు.

తరవాత ఒక తెల్లవారుజామున జీపు వచ్చింది.
ఎనిమిది నెలలు.
తిరిగొచ్చాక ఎడమచేతి రెండు వేళ్ళు ముడుచుకునేవి కావు.
దాని గురించి కథ లేదు.
అవ్వ దగ్గర కూడా లేదు.

తుపాకుల్లో పూలు పెట్టిన వసంతం వచ్చి వెళ్ళింది.
మరుసటి ఏడాది దొర భూములన్నీ కూలీల చేతికొచ్చాయి.
సంఘానికి పెద్దవి నువ్వే అన్నారు.
పద్దెనిమిది రోజులు చేశాడు.
పంతొమ్మిదో రోజు
మీసాలు రాని కుర్రాడొకడు
తాత ముందు టోపీ తీసి నిలబడ్డాడు.
ఆ సాయంత్రం తాళాల గుత్తి బల్లమీద పెట్టి
ఇంటికొచ్చి
చాలాసేపు గాడిద ఒళ్ళు రుద్దాడు.

మొన్న పెట్టెలో పడుకోబెట్టేటప్పుడు
అవ్వే ఆ టోపీ తీసింది.
లోపల నుదురు ఎంత తెల్లగా ఉందో,
ఎండ ఎన్నడూ చూడని నేల.
పాదిరీ దువ్వెన అందించాడు, ఆమె పుచ్చుకోలేదు.
ఈ ఉదయం చూస్తే
అది పెట్టుకుని క్యాబేజీకి నీళ్ళు పోస్తోంది.
చెవులదాకా దిగిపోయింది.
నేనేం అడగలేదు.

తోట ఇప్పుడు ఏదో కంపెనీది.
ఈ ఏడు ఒలవాల్సిన చెట్ల లెక్క రాసేది నేను.
వాగు పక్కన, వాలులో, ఒక చెట్టు.
దాని మీద ప్రతిసారీ తప్పు అంకె వేసేవాడని
తాగినప్పుడు ఒకసారి చెప్పాడు,
నేను నమ్మలేదు.
నలభై ఏళ్ళ బెరడు.
పగుళ్ళు, చీమలు, నాచు,
ఒక్క సీసాకైనా బిరడా కాదు.
చెయ్యి పెడితే వెచ్చగా ఉంది, అంతే.

లెక్కలో దాన్ని రాయలేదు.
ఇందులో నా తెగువేమీ లేదు,
ఒక చెట్టు తగ్గితే కంపెనీకి తెలీదు.
జీతం ఒకటో తారీకుకే వస్తుంది.