పల్లంలో కొండలు

ఆ జ్వరం పోతూ పోతూ
నా ముక్కులోంచి ఏదో పట్టుకుపోయింది.
నాలుగేళ్ళయింది, తిరిగివ్వలేదు.

కడియపులంక నర్సరీలో
జాజితీగలకి నీళ్ళు పెట్టేది నేనేనండి.
కొమ్మ కోసి, ఏటవాలుగా చెక్కి,
నల్లకవర్లో లంకమట్టి కూరి గుచ్చేదీ నేనే.
లారీలోకి ఎక్కించేటప్పుడు డ్రైవర్లంటారు
"అబ్బ, ఏం వాసనమ్మా!"
అవునండీ అంటాను,
చెవిటివాడు పెళ్ళిమేళానికి తలూపినట్టు.

తొలకరికి ముందు
రాజమండ్రి నుంచి రెహానా మేడం వచ్చారు.
సంచీ నిండా గాజు గొట్టాలు, బ్యాటరీ, బుల్లి మోటారు.
వాసనని కొలుస్తారట.
తక్కెడ ఎక్కడ పెడతారో చూద్దామని
టార్చిలైటు పట్టుకుని నిలబడ్డాను.

మొగ్గల గుత్తికి పల్చటి కవరు తొడిగారు
దూడమూతికి చిక్కం కట్టినట్టు.
లోపలి గాలిని మోటారు పీలుస్తుంది
పెన్సిలంత గొట్టంలోకి,
గంటకో గొట్టం,
సాయంత్రం నాలుగు మొదలు తెల్లారేదాకా.

"మొగ్గలో వాసన లేదు వీరవేణీ,
ఉన్నదల్లా ముడి.
రేపు వాసనయ్యేదాన్ని
పంచదారకి కట్టి దాచుకుంటుంది.
ఆ బరువు ఉన్నంతసేపూ అది ఎగరలేదు.
పొద్దుగూకాక లోపలే ఏదో కదిలి
ముడి కోస్తుంది.
అప్పుడు రెక్క పైతోలు దాటి,
మైనం పూత దాటి, బయటికి."

సగం అర్థమైంది నాకు.
గుంజకి తాడున్నంతసేపూ
రేవులో పడవ పడవ కాదు కదా,
అలాగే గాబోలు.

నూకరత్నం మామ్మ అక్కడే కూర్చుంది.
నోరు పూసిందంటే జాజాకు నమలమనే మనిషి.
పూలూ నువ్వులూ పొరలు పొరలుగా పరిచి
రాత్రంతా మూతపెట్టి,
పొద్దున్నే ఆ నువ్వుల్ని గానుగకి పంపే మనిషి.
"కోసేసినా చేస్తానే ఉంటదే పిల్లా," అంది,
"కోసేశారని దానికెవరు చెప్పారు?"

మేడం కలం ఆగిపోయింది.
"నిజమే," అన్నారు చాలాసేపటికి.
మామ్మ ఇంటిపేరు అడిగి మరీ రాసుకున్నారు.

తొమ్మిదింటికి కాలవ మీంచి
వేలెడు పురుగొకటి రెక్కలు కొట్టుకుంటూ వచ్చింది.
కవరు లేని గుత్తి ముందు
గాలిలోనే నిలబడి
చుట్టిన నాలుక చాపింది.
చీకట్లో, దీపం లేకుండా, సూటిగా.
దానిమీద కుళ్ళొచ్చింది నాకు,
అబద్ధమెందుకు.

శ్రావణంలో మేడం ఒక కాగితం పట్టుకొచ్చారు.
"ఇదిగో, ఆ రాత్రి వాసన."

కాగితం అడుగున ఒక గీత,
మా పల్లంలా సాఫీగా.
నాలుగింటి గొట్టంలో ఏమీ లేదు, చదును.
ఏడింటికి చీమలపుట్ట.
పదింటికి
పాపికొండలే!
కొండకో పేరు చెప్పారు.
ఇది లినలూల్, ఇది బెంజైల్ ఎసిటేట్,
ఆ చివర పొట్టిది ఇండోల్.
"అదొక్కటే దండిగా ఉంటే కుళ్ళుకంపు.
ఆ కాస్త లేకపోతే
జాజి జాజి కాదు."

ఆ పొట్టికొండ మీద వేలు పెట్టాను.
రాత్రి జడలోంచి తీసి
చూరులో దోపిన దండ,
తెల్లారేసరికి గోధుమరంగు తిరిగి,
తలనూనె, చెమట, నిద్ర కలిసి,
పారేద్దామని చేతికి తీసుకుని
ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకునేదాన్ని.
ముక్కుకి కాదు,
వేలికి వచ్చిందా వాసన.

కాగితం ఇప్పుడు షెడ్డులో
పురుగుమందు డబ్బాల పైన మేకుకి ఉంది.
వాన జల్లుకి ఒక మూల చెమ్మగిల్లింది.

మొన్న ఏడింటికి లారీ నింపుతుంటే
డ్రైవరు గట్టిగా ఊపిరి పీల్చి
"ఏం వాసనమ్మా!" అన్నాడు.
"ఇదేం చూశారు, ఇంకా పుట్టే.
పదిదాకా ఉండండి,
కొండలు లేస్తాయి."

నా మొహం వింతగా చూసి స్టీరింగెక్కాడు.
పుణే దూరం కదండీ, ఉండడు.
ఎర్రలైట్లు గట్టు మలుపు తిరిగాక
మోటారు కట్టేసి,
ఎత్తుపీట జాజిపందిరి కిందికి లాక్కుని
నేనుంటాను.